గాలానికీ ఒక ధర్మం ఉంది



చేపలు పట్టేవాళ్ళలో రెండు రకాలవాళ్ళు ఉన్నారు. పొట్టకూటి కోసం పట్టేవాళ్ళు ఒక రకం. వల, పుట్టి, తెప్ప, రేవు, సంత - ఇవే వాళ్ళ బతుకు. రెండో రకం వాళ్ళు సరదాకు పట్టేవాళ్ళు. ఆదివారం పూట ఒక గాలపు కర్ర, ఒక డబ్బాలో ఎర, సంచిలో ఇంత పులిహోర పెట్టుకుని చెరువు గట్టున కూర్చునేవాళ్ళు. చేప పడితే సంతోషం, పడకపోయినా నష్టం లేదు. మా హోసూరు, డెంకణికోట వైపు అయినా, కోలారు చెరువుల దగ్గర అయినా, గంజాంలో ఋషికుల్య ఒడ్డున అయినా, యానాంలో గోదావరి పాయ దగ్గర అయినా ఇలాంటివాళ్ళు కనిపిస్తారు. ఈనాటి నా ప్రసంగం ముఖ్యంగా వాళ్ళను ఉద్దేశించినది.

సరదాకు గాలం వేసేవారిని ఎవరైనా నియమాల గురించి అడిగితే వచ్చే జవాబు ఒక్కటే. "వలలు వేసి బండ్లకొద్దీ తీసుకుపోయేవాళ్ళను వదిలేసి మమ్మల్ని అడుగుతారేమండీ? ఒక్క గాలంతో ఏరు ఖాళీ అవుతుందా?" ఈ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. అయితే చరిత్ర తిరగేస్తే ఒక విషయం బోధపడుతుంది. మన దేశంలో చేపల రక్షణకు వచ్చిన నియమాలు కొన్ని సరదాకు గాలం వేసినవాళ్ళు కోరగా వచ్చినవే. చేప మీద మోజు ఉన్నవాడే చేప తగ్గిపోవడాన్ని ముందుగా గమనిస్తాడు. ఆ చరిత్రను క్లుప్తంగా మీ ముందు ఉంచుతాను.

చేపల వేటకు హద్దు పెట్టడం మనకు ఇంగ్లీషువాళ్ళు వచ్చి నేర్పిన విద్య కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే అశోక చక్రవర్తి ఈ పని చేశాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ, గంజాం జిల్లా జౌగడలోనూ రాళ్ళ మీద ఆయన శాసనాలు ఉన్నాయని మీకు తెలుసు. చేపల ప్రస్తావన ఉన్నది వాటిలో కాదు, ఉత్తరాదిన స్తంభాల మీద చెక్కించిన అయిదవ శాసనంలో. పట్టాభిషేకమైన 26 ఏళ్ళకు వేయించిన శాసనం అది. చంపకూడని ప్రాణుల పట్టిక ఒకటి అందులో ఉంది. చాతుర్మాస్య పున్నములకూ, తిష్య పున్నమికీ మూడేసి రోజులపాటు, ఉపవాస దినాల్లోనూ చేపలను చంపకూడదు, అమ్మకూడదు అని ఉంది. ఆ రోజుల్లో జాలరుల మడుగుల్లో ఉండే తక్కిన ప్రాణులను కూడా ముట్టుకోరాదని చెప్పాడు. దీని వెనుక ఉన్నది ధర్మబుద్ధి. ఈనాటి శాస్త్ర దృష్టి కాదు. అయినా "ఫలానా రోజుల్లో పట్టవద్దు" అనే ఆలోచన ఈ నేల మీద రెండు వేల ఏళ్ళకు పైబడినదని తెలుస్తోంది.

ఇక సరదా వేట సంగతి. దీనికి కూడా మన ప్రాంతానికి దగ్గరి సంబంధమే ఉంది. కర్ణాటకలోని బీదరు జిల్లాలో బసవకల్యాణం ఉంది కదా. ఆనాడు అది కళ్యాణి చాళుక్యుల రాజధాని. అక్కడ 12వ శతాబ్దంలో మూడవ సోమేశ్వరుడు రాజ్యం చేశాడు. ఆయన పేరు మీద 'మానసోల్లాసం' అనే పెద్ద సంస్కృత గ్రంథం ఉంది. రాజుకు తెలిసి ఉండవలసిన విద్యలు, భోగాలు, వినోదాలు అన్నీ ఆ గ్రంథంలో చేరాయి. వినోదాల్లో ఒకటి 'మత్స్యవినోదం'. ఏ చేప ఎలాంటి నీళ్ళలో ఉంటుంది, దేనికి ఏ మేత ఇష్టం, దారం ఎలా ఉండాలి, గాలం ఎలా వేయాలి అని వివరంగా చెప్పిన అధ్యాయం అది. సుందర్‌లాల్ హోరా అనే ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త 1951లో ఈ అధ్యాయం గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఆకలి తీర్చుకోవడానికి కాక ఆనందానికి గాలం వేయడం మన దక్కను నేల మీద ఎనిమిది వందల ఏళ్ళ కిందటే గ్రంథస్థమైంది. వేటాడేవాడు ముందు చేపను తెలుసుకోవాలి అన్నదే ఆ అధ్యాయం నుంచి మనం తీసుకోవలసిన పాఠం.

అక్కడి నుంచి ఏడు వందల ఏళ్ళు ముందుకు, మద్రాసు రాజధాని రోజులకు వద్దాం. 19వ శతాబ్దం రెండో సగంలో ఇద్దరు ఉద్యోగులు మన దక్షిణాది చేపల గురించి పట్టించుకున్నారు. ఒకరు హెన్రీ సల్లివన్ థామస్. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. దక్షిణ కన్నడ జిల్లాలో చేపల పెంపకం గురించి 1870లో నివేదిక రాశాడు. ఆయనకు గాలం అంటే ప్రాణం. 1873లో భారతదేశంలో గాలపు వేట గురించి ఒక పుస్తకం, 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలం వేయడం గురించి మరో పుస్తకం ప్రచురించాడు. రెండోవాడు ఫ్రాన్సిస్ డే. మద్రాసు సైన్యంలో వైద్యుడు. తర్వాత దేశం మొత్తానికీ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశాడు. దేశమంతటా జిల్లా అధికారులకు ప్రశ్నలు పంపి, జవాబులు తెప్పించి, మంచినీటి చేపల గురించి 1873లో నివేదిక ఇచ్చాడు. వల కన్ను ఎంత చిన్నది? చేప పిల్లలను పడుతున్నారా? నీళ్ళలో విషం కలుపుతున్నారా? నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపలను ఆపేస్తున్నాయా? అడిగిన ప్రశ్నలు ఇలాంటివి.

ఆనకట్టల ప్రశ్న యానాం శ్రోతలకు బాగా తెలిసినదే. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులసకు ధవళేశ్వరం దగ్గర అడ్డు పడింది 1852లో. ఇంగ్లీషు అధికారులు చేపల తరుగుదలకు పల్లె జనాన్నే ఎక్కువగా తప్పుపట్టారన్న మాట నిజం. నీటిపారుదల కోసం తమ ప్రభుత్వం కట్టిన గోడలను తీసేయమని ఎవరూ అనలేదు. చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాచకూడదు. కానీ వాళ్ళు చెప్పిన రెండో మాట కూడా నిజమే. విషం, మందుగుండు, దోమతెర లాంటి వల - ఈ మూడూ చిన్నా పెద్దా చూడకుండా నీళ్ళలో ఉన్న సమస్తాన్నీ తీసేస్తాయి.

1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైటుకు పేటెంటు తీసుకున్నాడు. కొండలు పగలగొట్టడానికి వచ్చిన ఆ సరుకు కొద్ది ఏళ్ళలోనే మన నదుల మడుగుల్లోకి కూడా వచ్చింది. ఒక్క తూటా పేలితే చుట్టూ ఉన్న చేపలన్నీ చచ్చిపోతాయి. పైకి తేలినవి కొన్నే, మునిగిపోయి కుళ్ళేవి మరికొన్ని. అవి కాక గుడ్లు, పిల్లలు, పురుగులు, ఆ చేపలకు మేత అయ్యేవన్నీ పోతాయి.

అందుకని ముందు కదిలినవాళ్ళు ఎవరో చూడండి. 1877లో నీలగిరుల్లో వేటగాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ ప్రయత్నం మీద 1879లో నీలగిరి జంతువుల, చేపల రక్షణ చట్టం మద్రాసు ప్రభుత్వం చేసింది. వేటగాళ్ళే వేటకు హద్దు కోరారు. తర్వాత 1897లో దేశమంతటికీ భారత మత్స్య చట్టం వచ్చింది. చాలా చిన్న చట్టం అది. చేపలను పట్టడానికి నీళ్ళలో డైనమైటు గానీ మరే పేలుడు పదార్థం గానీ వాడితే రెండు నెలల వరకు జైలు, లేదా రెండు వందల రూపాయల వరకు జరిమానా. విషం, సున్నం లాంటివి కలిపినా అదే శిక్ష. వల కన్ను ఎంత ఉండాలి, ఎలాంటి అడ్డుకట్టలు పనికిరావు అని నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఒక ప్రత్యేకమైన నీటిలో రెండేళ్ళకు మించకుండా చేపల వేటను పూర్తిగా ఆపే అధికారం కూడా ఇచ్చింది. ఆ రోజుల్లో రెండు వందల రూపాయలు అంటే సామాన్యుడికి చిన్న మొత్తం కాదు.

చట్టం ఒక్కటే చాలదు అనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. దక్షిణ కన్నడ జిల్లాలోని శిశిలలో కపిలా నది ఒడ్డున శిశిలేశ్వరుని గుడి ఉంది. అక్కడి మడుగులో మహసీర్ చేపలను దేవుడి చేపలుగా చూసుకుంటారు. ఎవరూ పట్టరు, భక్తులు మేత వేస్తారు. 1996లో ఎవరో దుర్మార్గులు ఆ మడుగులో విషం కలిపారు. వేల చేపలు చచ్చిపోయాయి. విషాన్ని నిషేధించిన చట్టం వచ్చి అప్పటికి 99 ఏళ్ళు. పక్కన గుడి ఉంది, ఊరి జనం భక్తి ఉంది, పైన చట్టం ఉంది. అయినా ఆ రాత్రికి కాపలా లేకపోయింది. మనిషి మనసులో కాపలా లేనప్పుడు జరిగేది అదే.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. అది కావేరి కథ. కృష్ణగిరి, ధర్మపురి, బెంగుళూరు, మైసూరు వైపు ఉన్న మన తెలుగువాళ్ళందరికీ ఆ నది తెలుసు. శివసముద్రం జలపాతాల కింది నుంచి హొగేనకల్లు మీదుగా మేట్టూరు వరకు కావేరి కొండల మధ్య, అడవుల మధ్య పారుతుంది. లోతైన మడుగులు, పెద్ద బండలు, వేగమైన నీళ్ళు. మంచినీటి చేపల్లో రాజు అనదగిన మహసీర్‌కు అది పుట్టినిల్లు. కావేరి మహసీర్‌కు వీపు మీద మూపురంలా ఎత్తు ఉంటుంది, ఒంటి మీద బంగారు ఛాయ ఉంటుంది. 1946 మార్చి 22న మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కుటుంబీకుడు ఒకరు కబినీ నదిలో గాలంతో ఒక మహసీర్ పట్టారు. దాని బరువు 120 పౌన్లు, అంటే 54 కిలోలకు పైన. ఎదిగిన ఒక మనిషంత బరువు. కబిని కావేరికి ఉపనది.

ఆ తర్వాతి కాలంలో ఈ చేప తగ్గుతూ వచ్చింది. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయింది. పైన కృష్ణరాజసాగరం ఉంది. మధ్యలో మిగిలిన నదిలో డైనమైటు పేలింది. 1972లో బెంగుళూరులో వైల్డ్ లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. ఇందులో గాలపు సరదా ఉన్నవారు ఎందరో ఉన్నారు. కావేరిలో కొంత మేర గుత్తకు తీసుకుని కాపలా పెట్టారు. కర్ణాటక ప్రభుత్వానికి చెందిన జంగిల్ లాడ్జెస్ సంస్థ భీమేశ్వరి, గాలిబోరె లాంటి చోట్ల శిబిరాలు నడిపింది. అక్కడి నియమం ఒక్కటే. గాలానికి పడిన మహసీర్‌ను తూచి, రాసుకుని, ప్రాణంతో తిరిగి నదిలో వదిలేయాలి. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టిన స్థానికుల్లో కొందరు కాపలాదారులుగా, వచ్చినవారికి దారి చూపేవారుగా కుదురుకున్నారు. చేపను చంపితే ఒక పూట కూర, బతికిస్తే ఏడాదంతా జీతం అని వాళ్ళకు అర్థమైంది.

ఇందులో "రాసుకుని" అన్న మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. గాలిబోరె శిబిరంలో ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఎన్ని చేపలు పడ్డాయి, ఏ రకం, ఎంత బరువు అని పుస్తకాల్లో రాసి పెట్టారు. 1998 నుంచి 2012 వరకు ఉన్న ఆ లెక్కలను తర్వాత శాస్త్రవేత్తలు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. 23,620 గంటల వేట, 6,161 చేపలు. ఈ లెక్కలో ఎవరూ ఊహించని సంగతి బయటపడింది. మొత్తం మీద చూస్తే చేపలు పెరుగుతున్నాయి. కానీ పెరిగింది నీలిరెక్కల మహసీర్. మూపురం ఉన్న బంగారు మహసీర్ ఏటేటా తగ్గిపోయింది. పడిన ఆ కొన్నీ పెద్ద చేపలే. చిన్నవి దాదాపు లేవు. అంటే ముసలివాళ్ళు మాత్రం మిగిలి, పిల్లలు పుట్టని ఊరిలా అయింది ఆ జాతి పరిస్థితి.

మరి నీలిరెక్కల మహసీర్ ఎక్కడిది? అది కృష్ణా నది పరీవాహకంలోని చేప. దాన్ని శాస్త్రవేత్తలు మొదట వర్ణించింది 1839లో, పుణె దగ్గరి నది నుంచి. మహారాష్ట్రలోని లోనావళాలో టాటా విద్యుత్ సంస్థ చేపల కేంద్రంలో దాని గుడ్లను పొదిగించి లక్షల పిల్లలను పెంచారు. మహసీర్ జాతిని కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ పిల్లలను కావేరిలో కూడా వదిలారు. వచ్చిన చుట్టం ఇంటివాణ్ణి పక్కకు నెట్టినట్టు అయింది. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, మందుగుండు కూడా కారణాలే గానీ, పరాయి నది చేపను తెచ్చి వదలడం ఒక ముఖ్య కారణమని పరిశోధకులు చెబుతున్నారు.

ఇంకో విచిత్రం వినండి. ఇంత పేరుపొందిన చేపకు 2018 వరకు సరైన శాస్త్రీయ నామమే స్థిరపడలేదు. కావేరి ఉపనదుల్లోని పంబారులో 2007లో వర్ణించిన 'టార్ రెమాదేవి' జాతే ఈ మూపురం మహసీర్ అని 2018లో తేల్చారు. నీలగిరుల దగ్గర మోయారు నదిలో అది ఇంకా బతికి ఉందని కనుగొన్నారు. అదే ఏడాది ప్రపంచ సంస్థ దాన్ని పూర్తిగా అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. ఈ ప్రమాదాన్ని అంకెలతో చూపించింది సరదాకు గాలం వేసినవాళ్ళు నిజాయితీగా రాసిన ఆ పుస్తకాలే. "ఒక్క గాలంతో ఏమవుతుంది" అన్నవారికి ఇది ఒక జవాబు. ఒక్కొక్క గాలం లెక్కా కలిస్తే ఒక నది ఆరోగ్యం తెలిసింది.

2012 నాటికి కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోని శిబిరాల్లో గాలపు వేట ఆగిపోయింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అభయారణ్యంలో వినోదానికి వేట తగదన్నది ఒక వాదన. శిబిరాలు మూస్తే కాపలా పోయి డైనమైటు తిరిగి వస్తుందన్నది గాలపువాళ్ళ వాదన. రెండింటిలోనూ సత్యం ఉంది. నా మటుకు నాకు అనిపించేది ఇది. చట్టం వద్దన్నచోట గాలం వేయకూడదు. మార్పు కావాలంటే విన్నపం చేసుకోవాలి, ఆ లెక్కల పుస్తకాలే అందుకు సాక్ష్యం. దొంగచాటుగా వేసిన ఒక్క గాలం ఆ సాక్ష్యానికి ఉన్న పరువు తీస్తుంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో కావేరి దక్షిణ అభయారణ్యాన్ని ప్రకటించింది. మా వైపు వాళ్ళు అడవి దారిలో ఏటికి పోయే ముందు అటవీశాఖను అడిగి తెలుసుకోవాలి.

ఈ చరిత్ర నుంచి మన ఊరి చెరువు గట్టుకు ఏం తెచ్చుకోవాలి?

మొదటిది, నీళ్ళు ఎవరివో అడగండి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది. మన సరదా ఇంకొకరి కూటిలో చెయ్యి పెట్టడం కాకూడదు. అనుమతి అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు.

రెండోది, కాలం. బొచ్చె, శీలావతి లాంటి చేపలు వానాకాలం కొత్తనీటిలో గుడ్లు పెడతాయి. కడుపుతో ఉన్న ఒక్క చేపను వదిలితే వేల పిల్లలను వదిలినట్టు. మన రాష్ట్రంలో ఏ నెలల్లో, ఏ నీటిలో వేట ఆపారో మత్స్యశాఖ కార్యాలయంలో చెబుతారు. చేపల వ్యవహారం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది కనుక సరిహద్దు దాటితే నియమం మారుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజన్ పడవల వేటకు విరామం ఉంటుందని యానాం, గంజాం శ్రోతలకు తెలిసిందే. పడవవాడు రెండు నెలలు రాబడి మానుకుంటుంటే సరదావాడు నాలుగు ఆదివారాలు మానుకోలేడా?

మూడోది, మన సరిహద్దు తెలుగువాళ్ళకు ప్రత్యేకమైనది. చెరువు దగ్గరి బోర్డు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. మన పెద్దవాళ్ళలో చాలామంది ఆ భాష మాట్లాడగలరు, చదవలేరు. బడికి పోయే పిల్లలు చదవగలరు. నేను తరగతిలో పిల్లలకు చెప్పే మాట ఇది: తాతగారితో చెరువుకు పోయినప్పుడు బోర్డు చదివి ఆయనకు తెలుగులో చెప్పండి, అదే మీ ఇంటిపాఠం. తాతలూ, మీరూ ఒకసారి అడగండి. "ఏమిరా అబ్బీ, ఆ బోర్డులో ఏం రాసినారు?" అంటే వాడు ఎంత సంబరంగా చదువుతాడో చూడండి.

నాలుగోది, వదిలే పద్ధతి. చేపను తిరిగి వదలాలనుకుంటే గాలం కొనలోని ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కేయండి. చేతులు తడుపుకుని పట్టుకోండి. పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురుపొర పోతుంది, రోగం వస్తుంది. ఫోటో కోసం ఎండలో ఆడించకండి. తెగిన నైలాను దారాన్ని నీళ్ళలో వదలకండి, కొంగలూ తాబేళ్ళూ చిక్కుకుంటాయి.

అయిదోది, ఒక నీటి చేపను ఇంకో నీటిలో వదలకండి. కావేరిలో మంచి మనసుతో చేసిన పనికే అంత నష్టం జరిగింది. ఇక నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను తెచ్చి ఊరి చెరువులో వేస్తే మన కొరమేను గతి ఏమిటి? మందుగుండు, విషం, కరెంటు తీగ - ఇవి ఎవరు వాడుతున్నా కనబడితే ఊరుకోకండి, పంచాయతీకో పోలీసుకో తెలియజేయండి.

చివరిది, ఒక నోటుపుస్తకం. తేదీ, చెరువు పేరు, ఎన్ని గంటలు, ఏ చేప, ఎన్ని. అయిదు మాటలు రాస్తే చాలు. పదేళ్ళ తర్వాత ఆ చెరువులో ఏ చేప తగ్గిందో, ఏది పోయిందో చెప్పగలిగేది ఆ పుస్తకమే.

ప్రతి మడుగు దగ్గరా ప్రభుత్వం ఒక మనిషిని నిలబెట్టలేదు. గాలం పట్టుకుని గంటలకొద్దీ ఓపికగా నీళ్ళనే చూస్తూ కూర్చునేది మీరే. ఆ నీళ్ళకు మీకంటే మంచి కాపలాదారు దొరకడు.